కడియం సందులో కుంకుమ

నేను ఒక ఇనుప కడియాన్ని. చేతికి తొడిగేదాన్ని కాదు, తుపాకీ మీద దుర్భిణిని పట్టి ఉంచేదాన్ని. ముందొకటి, వెనకొకటి, మేమిద్దరం. దూరపు గురి తగిలితే అందరూ అద్దాన్ని మెచ్చుకుంటారు. తగలకపోతే కాల్చినవాళ్ళను తిడతారు. నడుమ బిగింపు అనే పని ఒకటుందని ఎవడికీ పట్టదు. పనిచేసేవాళ్ళ సంగతి ఎక్కడైనా ఇంతే.

బాలానగర్‌లో ఒక లేత్ మిషన్ మీద పుట్టాను. పాత కడియాలు పగిలితే ఒక పోలీసు బెటాలియన్ వాళ్ళు మమ్మల్ని చేయించారు. అక్కడ ఆయుధాలు చూసుకునే హెడ్ కానిస్టేబుల్ పెంటయ్య చేతిలో పడ్డాను. మంచివాడే. తుపాకులకు నూనె ఎంత శ్రద్ధగా రాస్తాడో దేవుడికి దండం అంత శ్రద్ధగా పెడతాడు. ఆ ఏడు ఆయుధపూజకు దుర్భిణి ఊడదీసి, ముక్కముక్కనూ తుడిచి, దేనికి దానికి బొట్టు పెట్టాడు. నా అడుగున కూడా పెట్టాడు. పెట్టి, అలాగే బిగించేశాడు. నూనెలో కలిసి కుంకుమ నా కింద ముద్దయింది. తూటా పేలినప్పుడల్లా నేను వెంట్రుకవాసి కదిలేదాన్ని. నా దగ్గర వెంట్రుకవాసి అంటే మూడు వందల మీటర్ల అవతల జానెడు.

ఆ జానెడు స్వరూప మెడకు చుట్టుకుంది. ఆమె భర్త కానిస్టేబుల్. అతను పోతే ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. ఆఫీసులో కూర్చోబెడతామంటే వద్దని తుపాకీ కాల్చే రేంజికి వచ్చి మూడేళ్ళు నేర్చుకుంది. రాష్ట్ర పోటీల టీములో ఒకటే ఖాళీ ఉంది. ఎంపిక రోజు పొద్దున నేనున్న తుపాకీతో ఐదు రౌండ్లు కాల్చింది. ఐదూ ఐదు దిక్కులకు పోయాయి.

ఎంపిక చేసే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, ఆర్.ఐ., రిజిస్టరు తెరిచి బెదురుతోందని రాసేశాడు. "కాల్చేటప్పుడు బెదురుతున్నవ్. పోయి కంప్యూటర్ ముందు కూసో స్వరూపా, నీడపట్టున ఉంటవ్."

"బెదరలే సార్. బెదిరితే అన్నీ ఒక్క పక్కకే పోతయి. ఇవి చెల్లాచెదురైనయి. బిగింపు కదులుతున్నది. విప్పి చూస్త."

పెంటయ్య అడ్డం వచ్చాడు. "పూజ చేసిన ఆయుధం బిడ్డా. దసరా పోయి మూడు దినాలు కాలే. బొట్టు తుడిస్తే అరిష్టం. అందుల నువ్వు..."

"అందుల నేను? చెప్పు పెంటయ్య సారూ. మా ఆయన పోయిన పదకొండో నాడు నా బొట్టు తుడిచిండ్రు. నువ్వు ఆడనే ఉన్నవ్. అప్పుడు అరిష్టమని అనకపోతివి?"

పెంటయ్య పక్కకు తప్పుకున్నాడు. ఆర్.ఐ. దగ్గి, "సరి చూసుకోను ఐదు రౌండ్లు, లెక్కకు ఐదు. అంతే" అన్నాడు.

ఆమె నన్ను విప్పి కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. గుడ్డ ఎర్రబడింది. దాన్ని తెచ్చి ఆర్.ఐ. బల్ల మీద పరిచింది. షెడ్డు దూలానికి దారం కట్టి, కొసకు నట్టు వేలాడేసి, ఆ దారంతో దుర్భిణి లోపలి నిలువు గీతను సరిపోల్చింది. తర్వాత నాలుగు మరలనూ మూల నుంచి మూలకు, తలా కాస్త బిగించింది.

"ఇంకా గట్టిగ తిప్పు" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"నీ మెడకాయ అయితే తిప్పుత" అంది.

మొదటి ఐదుతో గురి సరిచేసుకుంది. లెక్కకు కాల్చిన ఐదూ అరచేయి కప్పేంత చోట పడ్డాయి.

"సరే, టీముల ఉన్నవ్" అన్నాడు ఆర్.ఐ.

ఆమె కదల్లేదు. "బెదురుతున్ననని రాసిండ్రు కద సార్. అది కొట్టెయ్యుండ్రి."

పెంటయ్యే ముందుకొచ్చాడు. "తప్పు నాది సార్. నా పేరు రాయుండ్రి."

ఆర్.ఐ. ఆ వాక్యం కొట్టేశాడు. పెంటయ్య పేరు మాత్రం రాయలేదు. మగవాళ్ళు మగవాళ్ళకు చేసుకునే మర్యాద అది.

నాలుగేళ్ళు ఆమె నాతో కాల్చింది. తర్వాత కొత్త తుపాకులొచ్చాయి. అరిగిపోయిందని రాసి నన్ను పాతసామాను పెట్టెలో పడేశారు. నేనేం అరగలేదు. సరే, పోనీ. నాకు మొక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు, బిగించినవాళ్ళూ ఉన్నారు. నా అడుగున ఏముందో చూసి బిగించింది మాత్రం ఆమె ఒక్కతే.