లోమూత

నల్లమల దెసనుండి బారులు తీరి వచ్చిన నీలమేఘములు వినుకొండ కొమ్మున తగులుకొని కదలనొల్లక కురిసినదే కురియుచుండగా సంతబయలునంతయు ఎఱ్ఱని బురద యావరించి గుడారపు త్రాళ్లు తడిసి బిగిసి వెదురు నిట్రాళ్లు కిఱ్ఱుకిఱ్ఱున మూలుగుచుండిన యొక శ్రావణమాసపు సాయంసమయమున శ్రీ మహామాయా కుటుంబ ఇంద్రజాల సమాజము వారి తెర వెనుక దీపము వెలిగింపబడెను. అట్టి వానలో ఆట చూడ వచ్చు పుణ్యాత్ముడెవడో దేవునికే తెలియవలెను. అయినను ఆట యున్నను లేకున్నను దీపవేళకు పెట్టెను పరీక్షించుట ఆ యింటి ఆచారము.

ఆ పెట్టె సంగతి చదువరులకు ముందుగా చెప్పుట న్యాయము. రంగస్థలముపై నొక యువతి జనులెల్లరు చూచుచుండగా ఆ పెట్టెలో పండుకొనును. మూత వేసి మంత్రదండము త్రిప్పి మరల తెఱచినచో నచట నామె యుండదు. ఇందు మాయ యెంతమాత్రమును లేదు. పెట్టె యడుగున మనిషి యొదిగి పండుకొన చాలినంత మఱుగు చోటొకటి కలదు. ఆమె యందులోనికి జారి లోమూతను తనపై లాగికొన్నంతనే అది పెట్టె యడుగువలె కనబడును. ఆ చోటు మిక్కిలి యిఱుకు. కడుపున బిడ్డ పడిన స్త్రీకి లోమూత పడదు. సమాజమునకు యజమానియగు కోటిలింగము గారి భార్య సౌభాగ్యమ్మ వయసులో నుండగా ఆ పెట్టెలో పండుకొనినదే. కొడుకు మల్లేశ్వరుడు కడుపున బడినప్పుడు మూత పడక పెట్టె విడిచినది. కూతురు శేషారత్నము నాడును అట్లే విడిచినది. లోకులు పుట్టుకలకు సంవత్సరముల పేరు చెప్పుకొను చోట ఆ యింటివారు పెట్టె విడిచిన నాళ్లు చెప్పుకొందురు. డాక్టరమ్మ నాడి పట్టి చెప్పినను వారికి నమ్మకము చాలదు గాని మూత పడలేదన్నచో మఱుమాట లేదు.

మల్లేశ్వరుని యిల్లాలగు హైమవతి కాపురమునకు వచ్చిన నాటనుండి ఆ పెట్టె యామెదే యయ్యెను. ఏండ్లు గడచినవి. ఏనాడును మూత పడకపోలేదు. ప్రతి సాయంకాలమును అత్తగారు లోమూతపై అరచేయి యుంచి నొక్కుటయు అది టక్కున పడుటయు అత్తగారు ఏమియు ననకుండ వెడలిపోవుటయు జరుగుచుండెను. ఆ ఏమియు ననకపోవుటయే హైమవతికి తిట్టుకన్న బరువుగా నుండెను. ఆ యేడు వేసవిలో రేపల్లెలో నొక పిల్ల యున్నదనియు మల్లేశ్వరునకు రెండవ సంబంధముగా నడుగవచ్చుననియు పెద్దవారు మాటాడుకొనుట యామె చెవిని బడెను. ఆ పిల్ల వచ్చినచో పెట్టెయు మగడును ఆ పిల్లవే. తానొక మూలను వంటపాత్రలు తోముకొనుచు బ్రదుకవలసినదే.

ఇక ఆ వానకాలపు సాయంసమయమున హైమవతి యథాప్రకారముగా పెట్టెలో నొదిగెను. సౌభాగ్యమ్మ మూత నొక్కెను. అది పడలేదు.

"సరిగ్గా ఒదుగు. మోకాళ్ళు పక్కకి పెట్టు."

హైమవతి ఊపిరి బిగబట్టి మరింత ఒదిగెను. మూత యామె పొట్టను తాకి నిలిచిపోయెను. సౌభాగ్యమ్మ చేయి తీసివేసి కొంతసేపు కోడలి ముఖమును తేఱిపాఱ చూచి పిమ్మట తెరవైపు తిరిగి నెమ్మదిగా పిలిచెను.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి. మూత పడటం లేదు."

నిజము చెప్పవలెనన్న గడచిన వేసవిలో పాత టేకు లోమూత పగులగా కోటిలింగము గారు చౌకయని మామిడిచెక్కతో క్రొత్తది చేయించిరి. పచ్చి మామిడిచెక్క వానచెమ్మకు వంగునని వడ్రంగి చెప్పనే చెప్పెను. అది వంగి నడుమ లోపలికి బొటనవ్రేలి మందమున ఉబ్బియుండెను. ఎవరైనను క్రిందికి వ్రేలు పోనిచ్చి తడవి చూచినచో తెలిసియుండును. కాని తరతరములుగా మూత మాటయే వేదమని నమ్మిన యా యింట మూతను తడవి చూచు బుద్ధి యెవరికి పుట్టును? హైమవతికి సయితము పుట్టలేదు. ఆమెకు నెలసరి ఆలసించుట క్రొత్తగాకున్నను ఆ నెలలో ఆలసించుట మాత్రము దేవుడిచ్చిన గుఱుతుగా తోచెను.

అత్తగారు బెల్లపు ముక్క తెచ్చి స్వహస్తముతో కోడలి నోట నుంచెను. నాటినుండి వదినకు మాఱుగా బక్కపలుచని శేషారత్నము పెట్టెలోనికి దిగసాగెను. దాని పొట్టకును మూతకును నడుమ చోటు మిగులుచుండుటచే మూత చక్కగానే పడెను. మల్లేశ్వరుడు ఏ యూర డేరా వేసినను ముందుగా చింతచిగురెక్కడ దొరకునని వాకబు చేయసాగెను. మామగారు గుడారపు ద్వారమున వ్రేలాడు బోర్డుపై "రెండు తరముల ఇంద్రజాలము" అనుచోట "మూడు తరముల" అని రంగు వేయించిరి. ఊరివారికి అదేమో బోధపడకున్నను ఆయనకు బోధపడిన చాలును. రేపల్లె మాట యింక నెవరి నోటను రాలేదు. సౌభాగ్యమ్మ కోడలిని కూర్చుండబెట్టి తలదువ్వి జడ వేయుచుండగా హైమవతి కండ్లు మూసికొని ఆ దువ్వెన నడుచు త్రోవనే తలచుచుండెను. అంత సుఖమామె పుట్టినింటను ఎఱుగదు.

నరసరావుపేట డేరాలో నొక వేకువజామున ఆమెకు నెలసరి వచ్చెను.

ఆమె యెవరిని లేపలేదు. కాలువకు పోయి గుడ్డలు పిండుకొని వచ్చి పొయ్యి రాజవేసెను. ఏడ్పు వచ్చునేమోయని కొంతసేపు కనిపెట్టుకొని యుండెను గాని రాలేదు. గుండెలో నేమియు లేదు. అత్తగారు లేచి వచ్చి చన్నీళ్ళలో చేతులు పెట్టవద్దని మందలించి చెంబు లాగికొనగా హైమవతి సరేనని యిచ్చివేసెను. చెప్పవలెనని నోరు తెఱచుటయు ఎదుటివారి ముఖము చూచి మూసికొనుటయు ఆమెకు దినచర్యలో నొక పనియైపోయెను. మఱుసటి నెలయును అంతే. తొలిచూలు తొందరగా కనబడదని అత్తగారే పదిమందికి సమాధానము చెప్పుచుండెను. హైమవతి తినెను. నిద్రించెను. అడిగినదానికి బదులు చెప్పెను. తనకు జరుగుచున్నది మఱెవరికో జరుగుచున్నట్లును తాను టిక్కెట్టు కొని చూచుచున్నట్లును ఆమెకు తోచుచుండెను.

మార్గశిరము వచ్చెను. సమాజము మాచెర్ల చేరెను. ఆకాశము కడిగినట్లు తేటపడి పడమటిగాలి పొడిగా వీచుచు పెదవులు చిట్లజేయుచుండెను. గుడారపు గుడ్డ ఆరి పెళపెళలాడెను. మరునాడు గాజులు తొడిగింపవలెనని సౌభాగ్యమ్మ మట్టిగాజులు కొని తెచ్చి చీరకొంగున మూటగట్టికొని మధ్యాహ్నవేళ తెర వెనుక కూర్చుండి యుండెను. మగవారు పట్టణమున ప్రకటన చాటింపునకు పోయిరి. పెట్టె మూత తెఱచి యుండెను. శేషారత్నము పరీక్షకు ఇంకను రాలేదు.

హైమవతి వచ్చి అత్తగారి యెదుట నిలిచెను. నోరు తెఱచెను. ఎప్పటివలెనే మాట రాలేదు. అంత నామె చీర కుచ్చెళ్ళు బిగించి పెట్టెలోనికి దిగి తన పాత చోటున నొదిగి పండుకొనెను.

"ఏం పని ఇది? లే, లేచి బయటికి రా."

హైమవతి చేయి చాచి లోమూతను తనపైకి లాగికొనెను. అది టక్కున పడెను.

చీకటిలో ఆమెకు తన యూపిరి మాత్రమే వినబడుచుండెను.  చాలసేపటికి మూత లేచెను. సౌభాగ్యమ్మ దానిని రెండు చేతులతో పట్టుకొని తిరగవేసి అడుగుభాగమును అరచేతితో తడవి చూచుచుండెను. చెక్క చదునుగా నుండెను. వానలలో వంగిన జాడగా నడుమ నల్లని చెమ్మమచ్చ యొకటి మాత్రము మిగిలియుండెను.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"పేటలో ఉన్నప్పటినుంచి, అత్తయ్యా."

సౌభాగ్యమ్మ మూతను యథాస్థానమున నుంచెను. ఆమె ముఖమున కోపమో జాలియో హైమవతి గుఱుతింపజాలక పోయెను. గుఱుతింపవలెనను ఆసక్తియు అప్పటికి ఆమెలో నిలువలేదు.

"శేషుకి చెప్తాను, ఈ పూట నువ్వే దిగుతావని. మొహం కడుక్కో."

ఆ సాయంకాలము మాచెర్ల వారు తండోపతండములుగా వచ్చి గుడారము నిండిపోయెను. మల్లేశ్వరుడు తెర ముందు పావురములను ఎగురవేయుచుండెను. తెర వెనుక మెఱుపుల పరికిణీ ముడి వేసికొనుచున్న హైమవతికి అడ్డుదుప్పటి కావల అత్తమామల మాటలు వినబడెను. కోటిలింగము గారు చాలసేపు దగ్గి దగ్గి పిమ్మట గొంతు తగ్గించి పలికిరి.

"అయితే రేపల్లె వాళ్ళకి మళ్ళీ కబురు పెట్టమంటావా?"

"ఆ మాట ఇంక ఎత్తకండి. చౌకని మామిడిచెక్క వేయించింది మీరు. మూత నొక్కింది నేను. వేలు పెట్టి చూసుకోవాల్సిందీ నేనే. నోట్లో బెల్లం పెట్టి పిల్లని నమ్మించాం. ఇంక దాని జోలికి పోవద్దు."

 హైమవతి ముడి బిగించుకొనెను. తన కాపురము నిలిచినదని ఆమెకు తెలిసెను. తెలిసినను సంతోషము రాలేదు.

గంట మ్రోగెను. ఆమె తెర తొలగించుకొని వెలుగులోనికి వచ్చెను. చెల్లెలు వచ్చునని చూచుచున్న మల్లేశ్వరుడు భార్యను చూచెను. మంత్రదండము పట్టిన చేయి గాలిలో నట్లే నిలిచిపోయెను. అతని చూపు ఆమె ముఖమునుండి నడుమునకు దిగి పరికిణీ ముడికడ ఆగెను. జనులు అదియు ఆటలోనిదే యనుకొనిరి. హైమవతి అలవాటైన విధమున నమస్కరించి పెట్టెలో పండుకొని లోనికి జారి మూతను లాగికొనెను. అది పడిన చప్పుడు అతనికి మాత్రమే వినబడును.

 పిమ్మట దండము చెక్కపై తట్టిన సవ్వడియు మగని గొంతును వినవచ్చెను. ఆ గొంతు ఏండ్ల తరబడి ప్రతిదినమును చెప్పు మాటలే చెప్పుచుండెను.

"అయ్యలారా, అమ్మలారా, దగ్గరికొచ్చి చూసుకోండి. లోపల ఎవరూ లేరు. ఎవ్వరూ లేరు."

ఖాళీ పెట్టెను చూచి జనులు చప్పట్లు కొట్టిరి. ఎంతసేపటికిని ఆపలేదు. నరసరావుపేటలో రాని కన్నీరు హైమవతికి అప్పుడు వచ్చెను. చేయి కదల్చుటకు చోటు లేనందున ఆమె దానిని తుడుచుకొనలేదు. అది కణతల మీదుగా జారి చెవులలోనికి దిగుచుండగా చప్పట్ల చప్పుడు క్రమముగా దూరమైపోయెను.