ముప్పై బారల తాడు

హన్మమ్మ సుద్దగడ్డను నాలుకకు తాకించింది. అతుక్కుంది. మంచిదే. గంపలో వేసింది. పక్క గడ్డకు ఎర్రమట్టి అంటితే కొడవలి మొనతో గీకింది. తాండూరు నుంచి కరణ్‌కోట పోయే కూలీల బస్సు పొద్దున ఏడింటికి ఆమెను గని మలుపులో దింపింది. అప్పటి నుంచీ ఇదే పని. పట్నంలో ఆడవాళ్లు మొఖానికి పూసుకునే ముల్తానీ మట్టి ఇదే. హన్మమ్మకు పూసుకునే పని లేదు. అరవై నాలుగేళ్ల మనిషికి కనుబొమల దాకా అదే మట్టి. పది గడ్డలకొక దగ్గు.

ఈ ఏరుడు పని పాతరోజుల్లో లేదు. అప్పుడు గని అంటే బాయి. తొమ్మిది బారలు నిలువునా దిగితే, అడుగున అడ్డంగా సొరంగం. మొగుడు మొగులప్ప దీపం పెట్టుకుని, వంగి, తెల్లపొర ఒక్కటే తీసేవాడు, చట్టి నుంచి వెన్న తీసినట్టు. హన్మమ్మ పైన గిరక దగ్గర గంపలు చేదేది. తాడు రెండుసార్లు గుంజితే గంప నిండిందని. మూడుసార్లు గుంజితే సద్ది దించమని. ఒక్కసారి గుంజితే ఏమీ లేదు, ఉన్నవా అని అడగడం. ఉన్న అని ఈమె ఒక్కసారి గుంజేది. ఇరవై రెండేళ్ల కాపురంలో సగం ముచ్చట్లు ఆ తాడు మీదనే నడిచాయి.

ఆడమనిషి దిగితే మట్టి అలుగుతుందని ఆచారం. అందుకే మొగుడు ఎక్కడ కూర్చుని తవ్వాడో ఆమె ఎన్నడూ చూడలేదు.

తర్వాత బాయిలు మూశారు. పైనుంచి తవ్వితే మనిషికి భద్రం అన్నారు. సొరంగాలు కూలి మనుషులు పోయిన మాట నిజమే, దాచేదేం లేదు. కానీ పైగని చంపదని ఎవడన్నాడు? అది తొందరపడదు, అంతే. యాభై అడుగుల మట్టి ఊడ్చి, పైనున్న కందిచేను మింగి, ఎర్రదీ తెల్లదీ కలిపి ఎత్తి, ఏరుకొమ్మని ముసలోళ్ల ముందర పోస్తుంది. సొరంగం సగం తిన్న మొగులప్ప ఊపిరిని టిప్పర్ల దుమ్ము పూర్తిగా తిన్నది.

ఇవాళ పొక్లెయిన్ ఆ పాత సొరంగం వైపే వస్తున్నది. హన్మమ్మ గంప వదిలి సూపర్‌వైజర్ రాకేష్ దగ్గరికి పోయింది.

"సారూ, గా గోడెనక నా పెనిమిటి తవ్విన సొరంగమున్నది. బయటవడ్డంక జరసేపు మిషన్ ఆపున్రి. ఒక్కసారి సూస్త."

రాకేష్ ఫోను చూశాడు. "మ్యాపుల లేదు. నువ్వెప్పుడన్న దిగినవా?"

"నేను దిగలే. తాడు దిగింది."

"తాడు నీతోని మాట్లాడిందా?"

"నీ ఫోను కన్న మంచిగనే మాట్లాడింది."

ఏరే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాకేష్ మొఖం ముడుచుకుని అటు తిరిగాడు.

హన్మమ్మ ఆగలేదు. దగ్గుకుంటూ గట్టెక్కింది. పూడ్చిన బాయి రాళ్లు ఇంకా ఉన్నాయి. ఆఖరి ఏడాది తాడు ముప్పై బారలు పోయేది. తొమ్మిది లోతుకు తీసేస్తే సొరంగం పొడుగు ఇరవై ఒకటి. బాయి అంచున తాడు ఎప్పుడూ తూర్పు రాయికే రాసుకునేది. ఆమె తూర్పుకు చేతులు చాపి నేల మీద ఇరవై ఒక్క బారలు కొలిచి, అక్కడ పుల్ల పాతింది. దిగివచ్చి పొక్లెయిన్ నడిపే తన్వీర్‌కు చూపించింది.

"కొడుకా, గా పుల్ల కింద మెల్లగ గీకు."

"పెద్దమ్మా, బకెట్‌తోని గీకుడంటే గొడ్డలితోని గడ్డం గీసినట్టే."

అన్నాడే గానీ మెల్లగానే గీకాడు. మూడో గీకుకు గోడ పొడిపొడిగా రాలి, నల్లటి నోరు తెరుచుకుంది.

రాకేష్ ఉరికొచ్చాడు. "ఎత్తు ఎత్తు, టిప్పర్ ఆగింది!"

తన్వీర్ ఇంజన్ బంద్ చేశాడు. "వేడైంది సార్. పావుగంట."

"పొద్దటిసంది కానిది ఇప్పుడే అయిందా?"

"దానికి ఇప్పుడే యాదికొచ్చింది సార్."

హన్మమ్మ సొరంగం ముందు చెప్పులు విడిచింది. "అలగకు తల్లీ, ఒక్కసారే," అని వంగి లోపలికి పోయింది.

లోపల చల్లగా ఉంది. కప్పు మీద దీపం మసి. గోడ నిండా గడ్డపార గాట్లు, అన్నీ ఒక్క తీరుగా, చేపపొలుసుల్లా. ఒక మూల సుద్దనే చెక్కి పీట చేసుకున్నాడు. వెనక గోడ వీపు ఆనీ ఆనీ నున్నబడింది. హన్మమ్మ ఆ పీట మీద కూర్చుంది. మొగులప్ప తనకన్నా ఎత్తు. అతని వీపు గుంటలో ఆమె తల సరిగ్గా ఒదిగింది.

"ఇంత మంచిగ కూసున్నవు. ఒక్కనాడన్న చెప్పినవా?" అంది.

పావుగంట అయింది. "పెద్దమ్మా, ఇగ రా, సార్ తిడుతున్నడు," అని తన్వీర్ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. లోపలి నుంచి దగ్గు కూడా వినపడకపోయేసరికి తనే వంగి పోయాడు.

చేతుల మీద తెచ్చి జీపులో పడుకోబెట్టారు. దోమ ఊళ్లో ఉండే బిడ్డ గోవిందమ్మకు ఫోన్ పోయింది. రాకేష్ టోపీ తీసి నిలబడ్డాడు. ఆ పూట మిషన్ ఎత్తమని ఎవరూ అనలేదు.

జీపు రేపిన దుమ్ము సాయంత్రం దాకా మెల్లమెల్లగా దిగింది. సొరంగం నోటి దగ్గర రెండు రబ్బరు చెప్పులు, ఎడమదాని పట్టీకి ఇనుప తీగ కట్టు, వేళ్ల అచ్చులు పడ్డ గుంటల్లో తెల్లగా సుద్ద.