సగంలో ఆగే మాటలు

కాలువ మీద మంచు ఇంకా విడలేదు. పడవ ముందుకు పోతోందో, గట్టు మీది కొబ్బరిచెట్లే వెనక్కి నడిచిపోతున్నాయో తెలియడం లేదు. తాడు లాగే మనుషులు మంచులో కరిగిపోయారు. తాడొక్కటే గాలిలోంచి పుట్టినట్టు వచ్చి పడవ ముక్కును పట్టుకుని ఉంది. జ్ఞానమ్మ దాని వంకే చూస్తూ కూర్చుంది. అది తెగితే ఏమవుతుందో ఆమె మనసులో అప్పటికే అంతా అయిపోయింది: పడవ అడ్డం తిరగడం, నీళ్ళు లోపలికి రావడం, తన చెయ్యి పిల్ల జడకు అందకపోవడం.

పిల్ల మాత్రం పక్కనే కూర్చుని కాళ్ళూపుకుంటూ తనలో తను ఏదో వల్లె వేసుకుంటోంది. పేరు చిన్నమ్మాయి. రాజమహేంద్రవరంలో మిషనువారి ఆడపిల్లల బడిలో దానికి ఆ రోజే పరీక్ష. దొరసానిగారు స్వయంగా ఇంగ్లీషు వ్యాకరణం అడుగుతారట. నెగ్గితే అక్కడే ఉండి చదువుకోవచ్చు, తిండీ బట్టా బడివాళ్ళవే. తప్పితే ఇదే పడవలో ఇంటికొచ్చి తల్లితోపాటు ఊడ్పులకు పోవాలి. తప్పుతుందేమోనని జ్ఞానమ్మకు భయం. నెగ్గుతుందేమోనని ఇంకా భయం.

"నౌన్ అంటే పేరు. వెర్బ్ అంటే పని. ఎడ్జెక్టివ్ అంటే..."

"మెల్లిగా చెప్పుకోవే. గొంతు పోతే ఆవిడకేం చెప్తావు?"

గడ వేస్తున్న సరంగు లోవరాజు నవ్వాడు. "ఏంటి జ్ఞానమ్మక్కా, పిల్ల మంత్రాలు చదవతంది? పడవ ఎగిరిపోద్దేమో సూడు!"

"మంత్రాలు కాదు మావయ్యా, వ్యాకరణం. మాటలన్నీ ఎనిమిది జాతులంట. నీ పేరు నౌను. పడవా నౌనే."

"ఆయ్! అయితే నేనూ పడవా ఒకటేనన్నమాట."

"పడవే నయం, నోరు లేదు," అంది జ్ఞానమ్మ.

గట్టున ఒక కొంగ లేచింది. చిన్నమ్మాయి వేలు చూపించింది. "కొంగ, నౌన్. తెల్లని, ఎడ్జెక్టివ్. ఎగిరింది, వెర్బ్. నెమ్మదిగా, ఎడ్వెర్బ్." అది అలా చెబుతూ పోతుంటే మంచులోంచి ఒక్కొక్కటే బయటికొస్తున్నట్టు అనిపించింది జ్ఞానమ్మకు. చెట్టు అనగానే చెట్టు వచ్చింది. గేదె అనగానే గేదె వచ్చింది. పిల్ల పిలవకపోతే ఈ లోకమంతా అక్కడే మంచులో పడుకుని ఉండేదేమో.

"ఆన్ ది రివర్. నది మీద. ఇది ఫ్రేజు," అంది చిన్నమ్మాయి.

జ్ఞానమ్మ చటుక్కున పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఏమైందే నది మీద?"

"ఏమీ అవలేదు. అందులో వెర్బ్ లేదుగా. సగం మాట."

"సగంలో ఆపకే తల్లీ. నాకేవేవో తోస్తాయి."

"సరే, క్లాజు చెప్తా. దాంట్లో వెర్బ్ ఉంటుంది. వెన్ ది బోట్ కమ్స్. పడవ వచ్చినప్పుడు."

"వచ్చినప్పుడు? ఎవరికేమైంది?"

చిన్నమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. "వెర్బున్నా ఇదీ ఒంటరిగా నిలబడలేదమ్మా. పక్కన ఇంకో క్లాజు ఉండాలి. దాన్ని పట్టుకుని ఉంటుందని మన ఊరి ఉపదేశిగారు పాఠంలో చెప్పారు."

ధవళేశ్వరం లాకుల దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది. పిల్ల తల్లి ఒళ్ళో నిద్రపోయింది. పడవ లాకులోకి వెళ్ళగానే వెనక పెద్ద తలుపులు మూశారు. ముందు తలుపులూ మూసే ఉన్నాయి. చుట్టూ రాతిగోడలు, పైన చారెడు ఆకాశం. అడుగునుంచి నీళ్ళు చప్పుడు లేకుండా ఉబుకుతుంటే పడవ పైకి లేస్తోంది. ఎవరో కిందినుంచి రెండు చేతులతో ఎత్తుతున్నట్టుంది. ఎత్తేవాళ్ళు చేతులు తీసేస్తే?

జ్ఞానమ్మ కొంగుముడి విప్పి పసుపుదారం తీసింది.

మరిడమ్మ తల్లి గుడినుంచి పక్కింటి తలుపులమ్మ తెచ్చిచ్చిన దారం అది. జ్ఞానమ్మ భర్త చిట్టియ్య బతికుండగానే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పుచ్చుకున్నారు. దారాలూ తాయెత్తులూ కట్టుకున్న పిల్లను బడిలో అడుగు పెట్టనివ్వరని వీరాస్వామి ఉపదేశిగారు మరీ మరీ చెప్పి పంపారు. జ్ఞానమ్మ మరచిపోలేదు. పొద్దున బయల్దేరే ముందు మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంది. చేసుకున్నాక కూడా కొంత భయం మిగిలింది. ఈ దారం ఆ మిగిలిన భయానికి. పిల్ల రవిక చెయ్యి పైకి జరిపి, దండచేతికి గట్టిగా ముడి వేసి, చెయ్యి మళ్ళీ కిందికి లాగింది. ఎవరు చూస్తారు?

ముందు తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా గోదావరి, అంతూ దరీ లేకుండా.

బడి వరండాలో నిలబడి జ్ఞానమ్మ కిటికీలోంచి చూస్తోంది. దొరసానిగారు నిటారుగా కూర్చున్నారు. పక్కన పంతులమ్మ సంపూర్ణమ్మగారు. చిన్నమ్మాయి నల్లబల్ల ముందు నిలబడి అడిగినదానికల్లా జవాబు చెబుతోంది. దొరసానిగారు తల ఊపుతున్నారు. తర్వాత సుద్దముక్క ఇచ్చి బల్ల పైభాగాన రాయమన్నారు.

చిన్నమ్మాయి చెయ్యి ఎత్తింది. రవిక చెయ్యి జారింది.

"అది ఏమి?" అన్నారు దొరసానిగారు.

పిల్ల తన దండచెయ్యి వంక చూసుకుంది. అప్పటిదాకా దానికి తెలియదు. తిరిగి కిటికీ వైపు చూసింది. తెలీదని చెప్పవే, దారిలో ఎవరో కట్టారని చెప్పవే, అని జ్ఞానమ్మ పెదవులు కదిపింది.

"మై మదర్ టైడ్ ఇట్," అంది చిన్నమ్మాయి. కొంచెం ఆగింది. "బికాజ్ షి వజ్ అఫ్రైడ్."

దొరసానిగారు ఏదో అన్నారు. పిల్ల బల్ల మీద రాయసాగింది. సుద్దముక్క కీచుమంటుంటే జ్ఞానమ్మ కిటికీ ఊచలు గట్టిగా పట్టుకుంది. నేరం రాయిస్తున్నారు. పోలీసు కచేరీకి పంపుతారు. ఉపదేశిగారికి తెలుస్తుంది, సంఘంలోంచి వెలేస్తారు. తన చేతులారా తనే పిల్ల బతుకు నీళ్ళపాలు చేసింది.

దొరసానిగారు తెలుగులో అడిగారు. "మీ తల్లి దేనికి భయపడును?"

"అన్నిటికీనండి," అంది చిన్నమ్మాయి.

సంపూర్ణమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొరసానిగారు లేచి కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల అవతల ఉన్న మనిషిని చాలాసేపు చూశారు. జ్ఞానమ్మ కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి సంపూర్ణమ్మగారు పక్కనే ఉన్నారు. "ఊపిరి పీల్చుకోండమ్మా. పిల్లను చేర్చుకున్నారు."

"దారం..."

"దారం కట్టుకున్న పిల్లను చేర్చుకోకూడదు, నిజమే. కానీ పిల్ల కట్టుకోలేదు, తల్లి కట్టింది, తల్లిని మనం బడిలో చేర్చుకోవడం లేదు కదా అన్నారు దొరసానిగారు. పిల్ల అబద్ధమాడి ఉంటే మాత్రం ఇటునుంచి ఇటే పంపేద్దురట."

చిన్నమ్మాయి బయటికి వచ్చింది. దారం విప్పి గుప్పిట్లో పట్టుకుంది.

"ఏం చెప్పావే ఆవిడకి?"

"నువ్వు కట్టావని. భయమేసి కట్టావని. ఆ మాటే బల్ల మీద రాయించారు."

"నా పరువు తీశావు కదే!"

"చెయ్యి ఇటివ్వు," అంది పిల్ల. తల్లి మణికట్టుకు దారం చుట్టి ముడి వేసింది. "తిరిగెళ్ళేప్పుడు ఒక్కదానివే కదా. లాకులో తలుపులు మూస్తారు."

సాయంత్రం లాకులో పడవ మెల్లగా కిందికి దిగుతోంది. రాతిగోడలు తడితడిగా పైకి లేస్తున్నాయి. జ్ఞానమ్మ ఒళ్ళో ఏమీ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మణికట్టు పట్టుకుని కూర్చుంది.

"పిల్లని వదిలేసొచ్చావా అక్కా? మళ్ళీ ఎప్పుడంట?" అన్నాడు లోవరాజు.

"సెలవులకి పంపుతారంట. పడవ వచ్చినప్పుడు..." అని ఆగిపోయింది.

"వచ్చినప్పుడు? ఏంటక్కా, సగంలో ఆపేశావ్?"

జ్ఞానమ్మ అలవాటుగా మనసులో వెతికింది. మునిగిన పడవ కోసం, తెగిన తాడు కోసం. ముందు తలుపులు తెరుచుకున్నాయి; కాలువ మీద పల్చగా పొద్దు వాలుతోంది. అవేవీ ఇంకా రాలేదు.

"ఉండనీరా," అంది. "మిగతాది పిల్లే వచ్చి చెప్పుద్ది."