పదకొండుసార్లు రంగేసిన గోడ

మా ఊరి బళ్ళో ఆఫీసుగది పక్క గోడకి ఈ ఏడాది పదకొండుసార్లు రంగేశారు. కోతలు కాదు, ప్రతిసారీ గీకినవాణ్ణి నేనే. నేను రంగుల మేస్త్రిని.

ట్రావెల్స్ వాళ్ళు సేవాయాత్ర అని ఒక టూరు పెట్టారు. మూడు రోజులు సముద్రం, రెండు రోజులు కొండలు, ఒక పూట పేదపిల్లల బడికి రంగులేయడం. టూరిస్టులొస్తారు. గోడమీద ఓ సూర్యుణ్ణి, నాలుగు సీతాకోకచిలుకల్ని వేస్తారు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటోలు దిగుతారు. తమ జీవితాలే మారిపోయాయని కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కుతారు. బస్సు మలుపు తిరగ్గానే నేను ఆ సూర్యుణ్ణి గీకేసి తెల్లరంగు కొట్టాలి. వచ్చేవారం బ్యాచికి గోడ కావాలి కదా! చాల్లే సంబడం.

ఆ గోడకి పదడుగుల దూరంలో ఆడపిల్లల మరుగుదొడ్డి ఉంది. దానికి తలుపు లేదు. పోయిన వానలకి పుచ్చి ఊడిపోయింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. నా కూతురు అక్కడే ఏడో తరగతి చదువుతోంది. వెళ్ళాల్సొస్తుందన్న భయంతో బళ్ళో ఉన్నంతసేపూ గుక్కెడు నీళ్ళు తాగదు. రెండు నెలల్లో మూడుసార్లు మూత్రంలో మంటతో, జ్వరంతో మంచాన పడింది. ఇలాగే సాగితే కిడ్నీలకి ముప్పని డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది.

"లోకంలో గోడలన్నీ నున్నగా చేస్తావు, కన్నకూతురికి ఒక్క తలుపు పెట్టించలేవా?" అని మా ఆవిడ దెప్పింది.

హెడ్మాస్టరుకి చెబితే ట్రావెల్స్ మేనేజర్ని అడగమన్నాడు. మేనేజర్ని అడిగాను.

"బాత్రూం ముందు నిలబడి ఫోటో ఎవరు దిగుతారు మేస్త్రీ?" అని నవ్వాడు.

"మరి రంగుడబ్బాల గదికి కొత్త తలుపు పెట్టించారుగా సార్!"

"డబ్బాలు పోతే నువ్విస్తావా?"

డబ్బాలకున్న విలువ ఆడపిల్లలకి లేదా అని అడగాల్సింది. ఉన్న పని పోతుందని నోరు మూసుకున్నాను. ఛీ, అదీ ఒక నోరేనా!

పన్నెండో బ్యాచి వచ్చింది. గొంతు బాగుంటుందని మేనేజరు మా అమ్మాయికి వచ్చినవాళ్ళతో చెప్పాల్సిన నాలుగు ముక్కలు నేర్పి ముందు నిలబెట్టాడు. ఒక పెద్దావిడ మోకాళ్ళమీద కూర్చుని, దాని చేతులు పట్టుకుని తన భాషలో ఏదో అడిగింది.

"నీకేం కావాలని అడుగుతున్నారు. నేర్పింది చెప్పు," అన్నాడు మేనేజరు.

మా అమ్మాయి నావైపు చూసింది. తర్వాత ఆవిడ కళ్ళలోకి చూసి, "బాత్రూముకి తలుపు కావాలండీ," అంది. మాట తడబడలేదు.

మేనేజరు వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆవిడ మురిసిపోయి దాన్ని గట్టిగా కావలించుకుని, ఇంకో డబ్బా మూత తీసింది.

"ఏం చెప్పారు సార్?"

"గోడకి ఇంకా రంగులు కావాలందని చెప్పా. మూడ్ పాడు చెయ్యకు మేస్త్రీ."

మూడట! అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ మనసు మంచిదే, కాదనను. అడిగింది కూడా ఆవిడొక్కతే. ఆ మంచి మనసంతా తీసుకెళ్ళి గోడకి పూస్తే నా కూతురికి ఏం ఒరిగింది?

స్క్రూడ్రైవరు తీసుకుని డబ్బాల గది తలుపు బందులు విప్పాను. మేనేజరు లబోదిబోమన్నాడు. తలుపు భుజాన పెట్టుకుని నడుస్తుంటే, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు కాబోలు, అందరూ చప్పట్లు కొట్టారు. రెండు గుమ్మాలూ ఒకే కొలత. గడియ లోపలివైపు వచ్చేలా తిప్పి, మరుగుదొడ్డికి బిగించాను.

"రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

"నీ గోడ నువ్వే గీక్కో."

మా అమ్మాయి ఎవరివైపూ చూడకుండా లోపలికెళ్ళింది. గడియ పడింది. ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆ తలుపుకేసి లేచాయి. నేను రెండు చేతులూ చాచి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"లోపల నా కూతురుంది. ఫోటోలొద్దు," అన్నాను మేనేజరుతో. "ఈ ముక్కయినా ఉన్నదున్నట్టు చెప్పి చావు."