రాజుగారి ఉత్తరం మోసిన సంచి

నేను ఒక సంచిని. ముతక కాన్వాసుతో కుట్టి, మూతికి తాడు బిగించి లక్క ముద్ర వేస్తారు. చూడ్డానికి బియ్యం సంచికి వేలువిడిచిన మేనత్తలా ఉంటాను గానీ, నన్ను విప్పే హక్కు ఏ దేశపు పోలీసుకీ లేదు. పరదేశాల్లోని మన రాయబార కార్యాలయాలకు సర్కారు కాగితాలు మోయడం నా ఉద్యోగం. దేశాల కోపతాపాలు, రాజీలు అన్నీ నా కడుపులోనే ప్రయాణం చేశాయి. ఎప్పుడైనా పక్కన ఓ గోంగూర పచ్చడి సీసా కూడా. ఆ సంగతి నేను చెప్పలేదనుకోండి.

ఒకసారి సముద్రం మధ్యనున్న ఓ చిన్న రాజ్యానికి వెళ్లాను. అక్కడికి తురగా మనోరమగారు రాయబారిగా వచ్చి వారమైంది. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఆవిడకు దక్కిన మొదటి రాయబారి పదవి అది. రిటైర్మెంటుకు ఐదు నెలలే ఉంది గనక చివరిదీ అదే. మన రాష్ట్రపతి ఆ రాజుగారి పేర రాసిన నియామక పత్రం ఆయన చేతికిస్తేగాని రాయబారి పూర్తి రాయబారి కాదు, కారుకు జెండా కట్టకూడదు. ఆ పత్రం నాలో ఉంది.

నన్ను విప్పుతుండగానే గుమాస్తా అప్పలకొండ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, రాజుగోరు పొద్దున్న పోనారటండి! మన కాయితం ఆయన పేరు మీదుందండి. ఇప్పుడేటి సెయ్యాలండమ్మా?"

రాజుగారి కోసం ఏడవాలో, తన కోసం ఏడవాలో తెలియక మనోరమగారు కుర్చీలో కూలబడ్డారు. పోయిన రాజు అందుకోలేడు, కొత్త రాజు ఇంకొకరి ఉత్తరం పుచ్చుకోడు. పత్రంతో సహా నేను ఢిల్లీకి తిరుగుముఖం పట్టాను. ఆ రాజ్యంలో సంతాపం, ఆపైన పట్టాభిషేకం. ఢిల్లీలో సంతకాలు, వాటి మీద సంతకాలు. కొత్త పత్రంతో నేను దిగేసరికి ఆవిడ ఉద్యోగం ఇంకొక్క రోజే మిగిలింది.

మర్నాడు ఉదయం పది గంటలకు కొత్త రాజుగారు పత్రం అందుకున్నారు. అప్పలకొండ బయటికొచ్చి తన చేత్తోనే కారుకు జెండా కట్టి, నన్ను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. రాజభవనం నుంచి కార్యాలయానికి నాలుగు వీధులు.

"డ్రైవర్ని సముద్రం ఒడ్డున తిప్పి పోనివ్వమను," అన్నారావిడ.

"ఎన్ని సుట్లండమ్మా?"

"పెట్రోలు అయిపోయేదాకా."

జెండా ఎగురుతుంటే ఆవిడ కిటికీ దించి, సిగ్గుపడకుండా ఏడ్చారు. నాకూ గుండె ఉంటే ఆ పనే చేసేదాన్ని.

చిరుగులు పడ్డానని నాకూ ఆ నెలలోనే విశ్రాంతినిచ్చారు. ఆవిడ నన్ను అడిగి తెచ్చుకున్నారు; ఇప్పుడు విశాఖలో ఆవిడ గదిలో మేకుకు వేలాడుతున్నాను. నాలో ఆ చిన్న జెండా ఉంది. ముద్ర లేదు, తాడు కూడా వదులే. అయినా ఆవిడ తప్ప నన్నెవరూ విప్పరు.