సిమెంటు పోసిన బోరు

హనుమక్క చేనులో రెండువందల పది అడుగులకు నీళ్లు పడ్డాయి. మనిషెత్తున ఎగిసిపడ్డాయి. మల్లెగుండ్లపల్లిలో బోరునుంచి అంత నీరు రావడం చూసి పదకొండేళ్లయింది. చుట్టుపక్కల చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. పొద్దున బోరుబండికి టెంకాయ కొట్టింది హనుమక్కే. ఊడలు దిగుతున్న చెనక్కాయ పంట మీద చక్రాలు పోతుంటే కూడా ఆమె నోరెత్తలేదు. నీళ్లు పడితే చాలు, ఒక పంట పోతే పోనీ అనుకుంది.

మధ్యాహ్నం ఆ బోరులో సిమెంటు పోశారు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. బండి మీదివాళ్లు నేలలోంచి తీసిన గుండ్రటి రాతి ముక్కల్ని నంబర్లూ ఇంగ్లీషు అక్షరాలూ వేసిన పెట్టెల్లో వరసగా పేర్చుకున్నారు. తర్వాత సిమెంటు కలిపి బోరులోకి దించడం మొదలుపెట్టారు.

"ఏమప్పా, పైపులు దించరా? నీళ్లు పడినాయి కదా" అంటూ హనుమక్క ఒకడి చెయ్యి పట్టుకుంది. బందోబస్తుకు వచ్చిన ఎస్సై తోసేస్తే ఆమె కింద పడింది. ఆమెను లేపబోయిన కుళ్ళాయప్పను, అరవై దాటిన గొర్రెల కాపరిని, చెంప మీద కొట్టాడు.

జయచంద్ర గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ఊళ్లో పెద్ద ఆసామి. బండికి దారి వేసిన కాంట్రాక్టరూ అతనే. గవర్నమెంటు ఉచితంగా బోర్లేస్తుందని ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు పెట్టించుకున్నదీ అతనే.

"నీళ్లకని చెప్తివి కదన్నా" అంది హనుమక్క.

"దేశానికి పనికొచ్చే రాయి ఉండాదేమో చూస్తాండారక్కా. పంటకు పరిహారం ఇప్పిస్తాలే."

"పరిహారం నేనడగలే. ఆ నీళ్లు నాకిడ్సమను."

"నా చేతిలో ఏముండాది" అని అతను జీపెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రానికి సిమెంటు గట్టిపడింది.

ఆ రాయి ఏమిటో చెప్పింది కృపాకుమారి. చర్చి వీధిలో కూలోళ్ల బిడ్డ, కదిరిలో డిగ్రీ చదువుతోంది. పెట్టెల మీది అక్షరాల్ని ఫోన్లో ఫోటో తీసి, కాలేజీలో లెక్చరర్లను అడిగి తెలుసుకుంది. ఆదివారం చర్చి ముందు అందరూ కూర్చున్నారు. ఆ వీధిలో నేల మీద కూర్చోవడం హనుమక్కకు అదే మొదటిసారి.

"అది యురేనియం. దాంతో కరెంటు చేస్తారు. బాంబులూ చేస్తారు" అంది కృపాకుమారి.

"గని పడితే పని దొరుకుతాది" అన్నాడు ఆటో నడిపే గిరి. "బెంగళూరు పోయి ఇటుకలు మోసేది తప్పుతాది. దేశానికి కరెంటు వద్దా? మీరంతా దీపం బుడ్లు పెట్టుకుంటారా?"

"గనికోసం నీళ్లన్నీ తోడేస్తే గొర్రెలకు ఏం తాపేది?" అన్నాడు కుళ్ళాయప్ప.

"రాయిని పిండిచేసి, మందులేసి కడుగుతారు. మిగిలిన బురదను ఊరి పక్కనే చెరువు మాదిరి నిలబెడతారు. దాంట్లో ఇసం వేల ఏండ్లయినా పోదు" అంది కృపాకుమారి. గిరి ఒప్పుకోలేదు, లేచి వెళ్లిపోయాడు.

హనుమక్క అడిగింది, "బాంబులయ్యే వస్తువంటావు. దాన్ని ఎవురూ తనిఖీ చెయ్యరామ్మా?"

"చేస్తారు పెద్దమ్మా. బయట దేశాలనుంచి కొన్నదయితే అంతర్జాతీయ సంస్థ మనుషులొచ్చి లెక్క చూసుకుంటారు, గ్రాము గూడా బాంబులోకి పోకూడదని. మన నేలలో తవ్విన దానికి వాళ్లకట్లా లెక్క చెప్పాల్సిన పన్లేదు."

"వాళ్లు చూసేది గూడా ఆ పొడినే. మా నీళ్లను చూసేదెవురు?"

కృపాకుమారి ఆ ప్రశ్నతోనే అర్జీ రాయడం మొదలుపెట్టింది.

ఆరునెలలు తిరిగారు. మండలాఫీసులో మా పరిధి కాదన్నారు. కదిరిలో అది కేంద్రం పని అన్నారు. కలెక్టరాఫీసులో అర్జీ తీసుకుని ముద్రేసి ఇచ్చారు. మళ్లీ వెళితే ఆ అర్జీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కూలి పోగొట్టుకుని, బస్సుల్లో నిలబడి, వరండాల్లో పగలంతా కూర్చుని ఉత్తచేతులతో తిరిగొచ్చిన ప్రతిసారీ హనుమక్కకు ఎవర్నో కొట్టాలనిపించేది. ఎవర్ని కొట్టాలో తెలిసేది కాదు.

చివరికి స్కూలు ఆవరణలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సభ పెట్టారు. శాస్త్రవేత్త ఒకాయన తెర మీద బొమ్మలు చూపించి అణువిద్యుత్తు గురించి గంటసేపు చెప్పాడు. హనుమక్క లేచి అడిగింది.

"సార్, మా ఊరి రాయి కరెంటుకు పోతాదా, బాంబుకు పోతాదా?"

"అది దేశ భద్రతకు సంబంధించిన విషయం. చెప్పకూడదమ్మా."

"మా బోర్లు ఏమైపోతాయో అదన్నా చెప్పండి."

"అన్నీ పరిశీలనలో ఉన్నాయి."

తర్వాత జనం ఒక్కొక్కరే లేచారు. ముప్పైమంది మాట్లాడారు. ముప్పైమందీ వద్దన్నారు. నెల తర్వాత ఆ సభ నివేదికను కృపాకుమారి తెచ్చి చదివి వినిపించింది: 'ప్రజలు సానుకూలంగా స్పందించారు.'

"ఇంకో తూరి చదువు" అంది హనుమక్క. కృపాకుమారి మళ్లీ చదివింది. ఆ రోజుతో అర్జీలు ఆగిపోయాయి.

వారం తర్వాత బోరుబండి గొర్రెలు మేసే గుట్టకు వచ్చింది. దారికి అడ్డంగా కుళ్ళాయప్ప మంద నిలబడింది. మంద వెనక మూడు పల్లెల ఆడవాళ్లు కూర్చున్నారు. జయచంద్ర లాంటి రెడ్ల చేలలో కూలికి పోవాల్సినవాళ్లు ఆ రోజు పోలేదు. రేపట్నుంచి పనికి రావద్దని జయచంద్ర మనిషిని పంపాడు. "రాములే పో" అన్నారు. పోలీసులు పదకొండుమందిని వ్యానులోకి ఎక్కించి కదిరి స్టేషనుకు తీసుకుపోయారు. వాళ్లలో హనుమక్క, కుళ్ళాయప్ప, కృపాకుమారి ఉన్నారు.

స్టేషన్లో రైటరు రాసింది చదివాడు: "ప్రభుత్వ పనికి ఆటంకం కలిగించినారు."

"ఏం పనికి సార్?" అంది హనుమక్క.

"ప్రభుత్వ పని."

"ప్రభుత్వానికి శానా పనులుండాయి. ఏం పనో రాయి."

రైటరు ఎస్సై వైపు చూశాడు. "బోరు పనని రాయి" అన్నాడు ఎస్సై.

"నీళ్ల బోరా సార్?" అని అడిగాడు కుళ్ళాయప్ప.

నీళ్ల బోరని రాస్తే అబద్ధం, యురేనియమని రాస్తే కోర్టు దాకా పోతుంది; రైటరు కలం పక్కన పెట్టాడు. ఎస్సై బయటికి వెళ్లి ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, "కేసు లేదు ఏం లేదు. ఇండ్లకు పోండి" అన్నాడు.

ఎవరూ లేవలేదు.

"పోము" అంది హనుమక్క. "ఆరునెల్లు తిరిగినాం. యాడా మా మాట కాగితం మీద నిలబడలేదు. ముప్పైమంది వద్దంటే సరే అన్నట్టు రాసుకుంటిరి. ఇప్పుడు మీరే రాయండి. పడిన నీళ్లలో సిమెంటు పోసి యురేనియం కోసం తవ్వుతాంటే అడ్డం కూర్చున్నామని రాయండి. కోర్టులో గూడా అదే చెప్తాం. మా పేర్లు రాయందే ఈడనుంచి కదలం."

అప్పటికి గేటు బయట జనం నిండిపోయారు. కాలేజీ పిల్లలు వచ్చారు. పల్లెలనుంచి ఆటోలు వస్తూనే ఉన్నాయి. జనాన్ని దింపిన గిరి ఆటో పక్కకు పెట్టి లోపలికి వచ్చాడు. రైటరు బల్ల ముందు నిలబడి, "నా పేరు గూడా రాయండి సార్" అన్నాడు.

"నువ్వు ఆడ లేవు కదరా."

"ఈ పొద్దు లేను. ముప్పైమంది మాటే తిప్పి రాసినోళ్లు నాకు పనిస్తారా? రేపుంటా. రాసుకోండి."

అతని వెనక జనం గేటు దాకా వరస కట్టారు.