కాంగ్ సార్ ముద్ర

ఆ ముద్ర ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది. కడపలో మా ఇంటికి ఎవరొచ్చినా సౌదీ నుంచి తెచ్చిన వాచీలు, సెంటు సీసాలు చూపిస్తాను గానీ దాన్ని మాత్రం బయటికి తియ్యను. సిగ్గు.

తొంభై ఒకటి జనవరిలో నేను హుఫూఫ్‌లో ఒక కొరియా కంపెనీ క్యాంపు ఆఫీసులో గుమాస్తాను. ఇకామాలనే నివాస పర్మిట్లు, వీసా ఫారాలు నా పని. అక్కడ అరబ్బీ ఫారం నింపగలిగింది నేనొక్కడినే కాబట్టి నా పొగరు నాకుండేది. కువైట్ గొడవ ముదిరి, ఇవాళో రేపో యుద్ధం అంటున్నారు. కొరియా ఎంబసీ తమ వాళ్ళందరికీ ఒక కాగితం పంపింది. ఉండేవాళ్ళకు గ్యాస్ మాస్కు ఇస్తారట, కావాలంటే జెద్దా వైపు వెళ్ళొచ్చట, స్వదేశం పోతామంటే విమానం పంపుతారట.

అదే సైటులో కూలీ చేసే మన తెలుగువాళ్ళకు ఏ కాగితమూ రాలేదు. వాళ్ళ పాస్‌పోర్టులు, వాళ్ళకు వీసా ఇచ్చి తెప్పించిన సౌదీ యజమాని, అదే కఫీల్, అల్మారాలో ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు పని అయ్యేదాకా ఒక్కటి కూడా ఇవ్వనన్నాడు ఆ షావుకారు.

"గసొంటి కాయితం మనకు రాదా బాబ్జాన్ భాయ్?" అని ఎల్లన్న అడిగాడు. జగిత్యాల వైపు మేస్త్రీ, నాకంటే పదేళ్ళు పెద్ద.

"మనకెవురు పంపుతారన్నా? సస్తే పెట్టెలో పెట్టి పంపుతారు" అన్నాను. అన్నాక నాకే ఒళ్ళు మండింది.

ఆ మంటలో ఉండగానే కాంగ్ సార్ వచ్చాడు. ఎల్లన్న వాళ్ళ ఫోర్‌మన్, యాభై మూడేళ్ళ మనిషి. స్వదేశం పోవడానికి ఏ వీసా మంచిదని ముక్కల ఇంగ్లీషులో అడిగాడు. ఎగ్జిట్ రీ-ఎంట్రీ అయితే ఆరు నెలల్లోపు తిరిగి రావచ్చని, ఫైనల్ ఎగ్జిట్ అయితే మళ్ళీ కొత్త వీసా కావాలని, యాభై దాటినవాళ్ళకు కంపెనీ కొత్త వీసా తియ్యదని చెప్పాను.

"రీ-ఎంట్రీ. నా భార్య భయపడుతోంది, రెండు నెలలుండి వచ్చేస్తాను. ఈ వయసులో అక్కడ నాకు పనిచ్చేవాళ్ళు లేరు" అని జేబులోంచి ముద్ర తీసి నా చేతిలో పెట్టాడు. కొరియావాళ్ళకు సంతకం కంటే ముద్ర గొప్ప. వేలంత చెక్క మీద పేరు చెక్కి ఉంటుంది. దాన్ని ఇంకొకరి చేతికిచ్చారంటే తమ మాట ఇచ్చేసినట్టే. తాను సైటులో ఉంటాడు కాబట్టి అవసరమైన చోటల్లా నన్నే వెయ్యమన్నాడు.

మావాళ్ళను బాంబుల కింద వదిలేసి పోతూ, మళ్ళీ ఉద్యోగం కూడా కావాలా నీకు అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద. కఫీల్‌ను పల్లెత్తు మాట అనలేనివాణ్ణి, ఫైనల్ ఎగ్జిట్ అన్న గడిలో టిక్కు పెట్టి, కింద ఆయన ముద్ర ఎర్రగా, నిబ్బరంగా వేశాను.

బుధవారం పొద్దున పాస్‌పోర్టు స్టాంపు పడి వచ్చింది. విమానం ఆ రాత్రికే. పన్నెండింటికి ఎల్లన్న గదికి వెళ్తే మంచం మీద కొత్త గ్యాస్ మాస్కు కనిపించింది.

"కాంగ్ సాబ్ ఇచ్చిండు. నేను పోతున్న గదా, నువ్వు పెట్టుకో అన్నడు. మా పాస్‌పోర్టులియ్యమని కఫీల్ తానికి మూడు మాట్ల పోయిండట, గాయిన ఇననే లేదట. మీకు మొకం చూపియ్యాల్నంటె సిగ్గయితుందన్నడు."

గడియారం చూసుకున్నాను. పాస్‌పోర్టు ఆఫీసు మూసెయ్యడానికి ఇంకా రెండు గంటలుంది. మేనేజరు దగ్గరికెళ్ళి తప్పు నాదని ఒక్క మాట చెబితే స్టాంపు మార్పించడానికి వెంటనే కారు పంపేవాడు. నా ఉద్యోగం పోయేదేమో. ఆ రెండు గంటలూ టైపు మిషను ముందు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. సాయంత్రం కాంగ్ సార్ పాస్‌పోర్టు అందుకుని, తెరిచి కూడా చూడకుండా, తన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాణ్ణయిన నాకు నడుం వంచి నమస్కరించాడు. ముద్ర తిరిగివ్వబోతే, "ఉంచు. ఓవర్‌టైం షీట్లు మిగిలున్నాయి కదా. వచ్చాక తీసుకుంటా" అన్నాడు.

యుద్ధం మొదలైంది. సైరన్ మోగినప్పుడల్లా ఎల్లన్న గదిలో ఆ ఒక్క మాస్కునే వంతులేసుకుని పెట్టుకునేవాళ్ళు. ఒకసారి నా వంతు అని చేతికిచ్చారు. నేను పెట్టుకోలేకపోయాను.

మార్చిలో కాంగ్ సార్ నుంచి నా పేరిట ఫ్యాక్స్ వచ్చింది. "టికెట్ కోసం వెళ్తే నాది ఫైనల్ ఎగ్జిట్ అన్నారు. నా ఇంగ్లీషు చెడ్డది, నీకు సరిగ్గా చెప్పలేకపోయి ఉంటాను. తప్పు నాదే. నీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించు. ఎల్లన్న బాగున్నాడా? నేను తిరిగి రావడానికి ఏదైనా దారి ఉందా?"

ఉంది. మేనేజరు ముందు నిలబడి నిజం చెప్పడమే ఆ దారి. తప్పు ఆఫీసుదని తేలితే కంపెనీయే కొత్త వీసా తీసేది. రెండు రోజులు ఆ ఫ్యాక్స్ సొరుగులో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు జవాబు టైపు చేశాను.

"దారి లేదు సార్. జరిగినదాని గురించి బాధపడకండి. నేనేమీ అనుకోలేదు."

అవును, క్షమించేశాను. నేను, ఆయన్ని.